జపాను బొమ్మకథలలో కవిసమయములు



గడచిన ఆషాఢమాసమున మేము జ్వరముతో 9 దినములు ఆసుపత్రిలో నుండి యింటికి వచ్చితిమి. ఒంటికి కొంత సత్తువ వచ్చిన పిమ్మట నొక శుక్రవారము తలంటి పోసికొని, జుట్టు ఆరుటకై చివర వదులుగా ముడివేసి, భుజము మీదుగా ముందుకు వేసికొని, వసారాలో కూర్చుండి బియ్యము ఏరుచుంటిమి. బడినుండి వచ్చిన మా చిన్నవాడు, 10 ఏండ్లవాడు, గుమ్మములోనే నిలిచిపోయి, "అమ్మా, జుట్టు వెనక్కి వేసుకో" అనెను. ఏలరా యని యడిగితిమి. "వేసుకో, అంతే" అని తానే వచ్చి మా జుట్టును వెనుకకు త్రోసి, పుస్తకముల సంచి దింపకయే యేడువసాగెను.

మా పెద్దమ్మాయి వానికి నాలుగేండ్లు పెద్దది. ఆమె వచ్చి సంగతి విప్పి చెప్పినది. "వీడు నా పక్కన కూర్చుని జపాను కథలు చూస్తాడమ్మా. వాటిలో జుట్టు అలా ముందుకు వేసుకున్న అమ్మలందరూ చచ్చిపోతారు. అందుకే భయపడ్డాడు." మేము మొదట నవ్వితిమి. కాని మేము ఆసుపత్రినుండి వచ్చి మూడు వారములైన కాలేదు. వాని మొగము చూచిన పిమ్మట ఆ నవ్వు నిలువలేదు. రాత్రి భోజనముల వేళ ఈ మాట విని, బడిపంతులుగారైన మా యింటివారు రేపటినుండి ఆ బొమ్మకథలు కట్టిపెట్టవలసినదేయని తీర్పు చెప్పిరి. మేమొక మాసము గడువు వేడితిమి. చదువని గ్రంథమును దూషించుట పండితులకు తగదు గదా! ఆ మాసమంతయు పిల్లల ప్రక్కన కూర్చుండి, చూచి, అడిగి, నోటుపుస్తకమున వ్రాసికొన్న సంగతులే ఈ నెల మా ముచ్చట.

తెలియనివారి కొఱకు రెండు మాటలు. జపాను భాషలో మాంగా యనగా బొమ్మలతో నడచు అచ్చుకథ. అనిమే యనగా కదలి మాటలాడు బొమ్మల చిత్రము. మాంగాను కుడినుండి యెడమకు చదువవలెను. మన పుస్తకమును వెనుక అట్టనుండి తెఱచినట్లుండును. బొమ్మలున్నవి గనుక ఇవన్నియు పసిపిల్లలవేయని తలచుట మనలో పెక్కుమంది చేయు పొరపాటు. ఆ దేశమున మగపిల్లల కొఱకు షోనెన్, ఆడపిల్లల కొఱకు షోజో, వయసు వచ్చిన పురుషులకు సెయినెన్, స్త్రీలకు జోసెయి అని వేఱువేఱు పత్రికలు వెలువడును. మా చిన్నవాడు అక్క ప్రక్కన చేరి చూచిన అటాక్ ఆన్ టైటన్ అను కథ 10 ఏండ్లవానికి తగినది కానేకాదు. అందు కథకుని తప్పేమియు లేదు. ఇంట ఏమి చూచుచున్నారో కనిపెట్టని తప్పు మాది.

ఇక అసలు విషయము. చకోరము వెన్నెల త్రాగుననియు, హంస పాలను నీటిని వేఱు చేయుననియు, సుందరి పాదము తాకినంతనే అశోకము పూచుననియు మన కవులు వ్రాయుదురు. కీర్తి తెల్లనిది, అపకీర్తి నల్లనిది. ఇవి లోకమున కానరాకున్నను కావ్యమున చెల్లును. వీనికి కవిసమయములని పేరు. రాజశేఖరుడు తన కావ్యమీమాంసలో వీనిని ప్రత్యేకముగా చర్చించెను. కవియు చదువరియు ముందే కుదుర్చుకొన్న యొడంబడికయే సమయము. జపాను బొమ్మకథలలోను ఇట్టి యొడంబడికలు కోకొల్లలుగా నున్నవి. పిల్లలు వీనిని ట్రోపులందురు. ఒడంబడిక నెఱుగనివానికి కథ అర్థము కాదు. ఎఱిగియు దాని సరిహద్దు తెలియనివాడు మా చిన్నవానివలె ఇంటిలోని తల్లి జుట్టును చూచి యేడ్చును. కావున తల్లులు వీనిని గుర్తుపట్ట నేర్చుట యవసరమని మాకు తోచినది.

మొదట ముఖముమీది గుర్తులు చెప్పెదము. పాత్రకు సంకోచము కలిగిన, కణతమీద నొక పెద్ద చెమటబొట్టు. కోపము వచ్చిన, నుదుట నరములు కూడలివలె కలిసిన గుర్తు. సిగ్గునకు బుగ్గలమీద ఎఱ్ఱని గీతలు. భయమునకు ఒంటిచుట్టు వణకు గీతలు. దుఃఖము మిక్కుటమైన, కన్నీరు రెండు వాగులై పాఱును. దిగ్భ్రమకు మనిషి యంతయు తెల్లబడి రాయివలె నిలుచును. మూర్ఛకు తెల్లని ఆత్మ నోటినుండి పొగవలె వెలువడును. ముక్కునుండి బుడగ వచ్చిన నిద్ర. ముక్కున రక్తము చిందిన నది జబ్బనుకొని మేము కంగారు పడితిమి, శృంగారభావమట! ఈ గుర్తులను అక్కడివారు మంపు లందురు.

వీనిని వ్రాసికొనుచుండగా మాకు చిన్ననాడు తండ్రిగారు చెప్పిన పాఠము జ్ఞప్తికి వచ్చినది. స్తంభము, స్వేదము, రోమాంచము, స్వరభంగము, వేపథువు, వైవర్ణ్యము, అశ్రువు, ప్రళయము అని మన యాలంకారికులు చెప్పిన యెనిమిది సాత్త్వికభావములలో ఆఱింటికి ఆ పూటనే బొమ్మలు దొరికినవి. అచ్చుబొమ్మకు గొంతు లేదు, కదలిక లేదు. చిన్న గడిలో మనసును చూపవలెనన్న ఇట్టి గుర్తులు లేనిదే గడవదు. నాట్యమున నటుడు దూరమున కూర్చున్నవానికి భావము తెలియుటకై కనుబొమ నెగురవేసినట్లే యిదియును.

తరువాత ఋతువుల గుర్తులు. జపానులో విద్యాసంవత్సరము ఏప్రిలులో మొదలై మార్చిలో ముగియును. అక్కడ చాలచోట్ల సకుర పూచునది మార్చి చివరను, ఏప్రిలు మొదటను. కావున తెఱపై ఆ లేతగులాబిరంగు రేకులు రాలినంతనే, ఎవరో క్రొత్తబడిలో చేరుచున్నారనియో, ఎవరో విడిపోవుచున్నారనియో చూచువారు గ్రహింతురు. కీచురాళ్ల రొద వినవచ్చిన వేసవి సెలవులు. హైకూ యను చిన్నపద్యములో ఋతువును సూచించు మాట యొకటి యుండుట ఆ దేశపు సంప్రదాయము. ఆ యలవాటే బొమ్మలలోనికి దిగి యుండవచ్చును. కోయిల కూసిన పిమ్మట వసంతము వచ్చినదని మన కవులు వేఱుగా చెప్పుదురా?

బడికథలకును తమ సమయములున్నవి. కథానాయకుని స్థానము చివరి వరుసలో కిటికీ ప్రక్కన. ఇది నిజమా యని మా యింటివారి నడిగితిమి. తమ బడిలో ఆ స్థానమున కూర్చుండువారియందు కథానాయక లక్షణములు తామింతవఱకు కనుగొనలేదని చెప్పిరి. ఆలస్యమై, రొట్టెముక్క నోట కఱచుకొని పరుగెత్తు బాలిక వీధిమలుపున నొక క్రొత్తవానిని ఢీకొనుట మఱియొకటి. ఇవాంజెలియన్ అను కథయొక్క కడపటి భాగమున, 1996లోనే, దీనిని నవ్వులాటకు వాడిరి. అనగా చూచువారందఱు దీనిని అప్పటికే యెఱుగుదురన్నమాట.

సాహసకథలలో సమయములు మఱింత గట్టివి. ఓడిన ప్రత్యర్థి మిత్రుడగును. గురువు శిష్యునికి విద్య నేర్పి కథ సగములో కన్నుమూయును. దీనికొక కారణము కలదు. 1968లో పుట్టిన షోనెన్ జంప్ అను పత్రికకు మైత్రి, ప్రయత్నము, విజయము అనునవి మూడు సూత్రములు. అది వారపత్రిక. ఒక్కొక్క కథకు వారమునకు ఇరువదికి అటునిటుగా పుటలు. తమకు నచ్చిన కథలేవో చదువరులు చిరకాలము కార్డులపై వ్రాసి పంపుచుండిరి. ఆదరణ తగ్గిన కథను పత్రికవారు నిలిపివేయుదురు. సభ లేచిపోవుచున్నదని కనిపెట్టిన హరిదాసు పిట్టకథ నందుకొన్నట్లు, వారమువారము పరీక్షకు నిలుచు చిత్రకారుడు నలుగురిచే నిగ్గుతేలిన సమయముల నాశ్రయించుట వింత కాదు.

ఆ పత్రికలోనే 2016 మొదలు 2020 వఱకు గోతోగె కొయొహరు వ్రాసిన డీమన్ స్లేయర్ వెలువడినది. దీని చలనచిత్రమొకటి 2025 సెప్టెంబరులో తెలుగు మాటలతో మన సినిమాహాళ్లకును వచ్చినది. ఇందలి రాక్షసులు మొదట మనుష్యులు. తల తెగి మాయమగు వేళ వారిలో పెక్కండ్రకు పూర్వపు బ్రదుకు జ్ఞప్తికి వచ్చును. చంపిన బాలుడే వారిపై జాలి చూపును. మా పిల్లలు దీనిని క్రొత్త వింత యనిరి. శ్రీరాముని చేత హతుడై పూర్వరూపము పొందిన కబంధుని కథ ఆ రాత్రి వారికి చెప్పితిమి.

నోటుపుస్తకము సగము నిండిన పిమ్మట తల్లుల లెక్క తీసితిమి. 2009లో ఇసయామ హజిమె మొదలిడిన అటాక్ ఆన్ టైటన్‌లో కథ మొదటనే బాలుని కన్నులయెదుట తల్లి మరణించును. 2001లో మొదలైన ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్‌లో తల్లి జబ్బుచేసి చనిపోవును. నరుటో పుట్టిననాడే అతని తల్లి మరణించినది. డీమన్ స్లేయర్‌లో బాలుడు బొగ్గులమ్మి యిల్లు చేరుసరికి తల్లియు, చిన్న తోబుట్టువులును హతులై యుందురు. ఒక చెల్లెలు మాత్రము రాక్షసియై మిగులును. నాలుగు కథలు, నలుగురు తల్లులు! వీరిలో మొదటి యిద్దఱు జుట్టును భుజము మీదుగా ముందుకు వేసికొన్నవారే. నరుటో తల్లిది మాత్రము విరబోసికొన్న యెఱ్ఱని జుట్టు. ఈ మాట చూపి, "నీ సూత్రము అన్నిచోట్ల చెల్లలేదు గదరా" అని చిన్నవానికి చెప్పితిమి. వాడు కొంత తేఱుకొనెను.

జుట్టట్లు వేయుటకు మాకు తోచిన కారణమిది. ఆ తల్లికి కథలో నున్నవి కొలది పుటలు. ఆ కొలదిలో చదువరి యామెను ప్రేమింపవలెను. వదులుగా ముడివేసిన జుట్టు తొందరలేని తల్లిని, బిడ్డను దగ్గఱకు తీయు తల్లిని చూపును. బిగించి కొప్పు పెట్టి, కొంగు దోపి, పొయ్యియొద్ద చెమటలు కార్చు తల్లిని అంత త్వరగా దేవతను చేయలేరు.

కొప్పు పెట్టిన తల్లులు లేకపోలేదు. వారు నవ్వుకథలలో నున్నారు. మన పిల్లలందఱెఱిగిన డోరెమాన్‌లో నొబితా తల్లి మార్కులు చూచి గద్దించును. షిన్‌చాన్ తల్లి సంగతి చెప్పనక్కఱలేదు. హసెగావ మచికో యను స్త్రీ 1946లో ఒక దినపత్రికలో మొదలిడిన సజాఎసాన్ అను కథలో ఏడుగురున్న ఇల్లు కలదు. తల్లి, పెండ్లియైన కూతురు, అల్లుడు, మనుమడు అందఱు నొక్క కప్పుక్రింద నుందురు. 1969 మొదలు అది ప్రతి ఆదివారము సాయంకాలము బొమ్మల చిత్రముగా టెలివిజనులో వచ్చుచున్నది. ఇన్నేండ్లైనను అందెవరికి వయసు పెరుగదు, ఎవరును చావరు. అనగా నవ్వుకథలో తల్లి బ్రదికి గద్దించును. సాహసకథలో చనిపోయి పూజ లందుకొనును. రెంటను మనకు న్యాయము జరుగలేదని నోటుపుస్తకపు అంచున వ్రాసికొంటిమి.

ఏల చంపుదురు? తల్లి యున్న యెడల బాలుని గుమ్మము దాటనీయదు. అన్నము చల్లారుచున్నదని పిలుచును. ఆ కత్తి యెక్కడిదని యడుగును. కథ ముందుకు సాగదు. యుద్ధము ముగిసిన పిమ్మట ఆ దేశమున తల్లిని కోల్పోయిన పిల్లల కథలు నిజముగనే యింటింట వినబడినవి. తల్లీబిడ్డల యెడబాటును చెప్పు చిత్రములకు హహామోనో అని ప్రత్యేకమగు పేరే యుండెను. ఆడపిల్లల మాంగాలోను అట్టి కథలు మెండు. కావున ఈ సమయమున కొంత నిజమైన కన్నీరు కలదు.

అయినను మన పురాణములను తలచి చూడుడు. తల్లి బ్రదికియుండగానే కొడుకు లోకము జయింపరాదా? సునీతి బ్రదికియుండియే ధ్రువుని తపమునకు పంపినది. గరుత్మంతుడు అమృతము తెచ్చుట తల్లి వినత దాస్యము విడిపించుటకే. తల్లి యచట అడ్డము కాలేదు సరిగదా, ఆమెయే ప్రయాణమునకు కారణమైనది. జపాను వారిలోను ఇది తెలిసినవారున్నారు. మియజాకి హయావొ 2001లో తీసిన స్పిరిటెడ్ అవే యందు పందులుగా మాఱిన తల్లిదండ్రులను విడిపించుటకే ఆ చిన్నపిల్ల పాటుపడును.

మేము మిక్కిలి విలువనిచ్చిన సంగతి యొకటి కలదు. 1988 ఏప్రిలు 16వ తేదిని ఒకే సంస్థవారు రెండు చిత్రములను జంటగా ప్రదర్శించిరి. మిణుగురుల సమాధి యని యర్థమిచ్చు పేరుగల మొదటిదానిని తకహత ఇసావొ తీసెను. అందు 1945లో కోబె నగరముపై బాంబులు పడి తల్లి మరణించును. ఇద్దఱు పిల్లలు దిక్కులేనివారగుదురు. మై నైబర్ టోటొరో యను రెండవదానిని మియజాకి తీసెను. అందు తల్లి జబ్బుతో ఆసుపత్రిలో నుండును. ఆమె చనిపోవునేమోయని పిల్లలు గడగడలాడుదురు. చిన్నది మొక్కజొన్నకంకి చేతబట్టుకొని, అది తినిన అమ్మకు నయమగునని నమ్మి, ఒంటరిగా బయలుదేరి దారి తప్పును. చూచువారందఱు చావునకు సిద్ధపడుదురు. తల్లి చనిపోదు. కిటికీ వద్ద కంకి నుంచి పిల్లలు వెడలుదురు. కడపటి బొమ్మలలో ఆమె ఇంటికి వచ్చును. మియజాకి చిన్నతనమున ఆయన తల్లి క్షయవ్యాధితో ఏండ్లతరబడి మంచము పట్టి, పిమ్మట కోలుకొనినది. ఆ భయమును స్వయముగా నెఱిగినవాడే సమయమును మార్చి వ్రాసెను.

ఈ చిత్రమును మేము నలుగురము కలిసి చూచితిమి. సగములో చిన్నవాడు, "చచ్చిపోతుందా?" అని మా చేయి పట్టుకొనెను. చెప్పక, చూడుమంటిమి. ఆ చిత్రములో ఆసుపత్రి మంచముమీది తల్లి పెద్దకూతురిని దగ్గఱకు పిలిచి తల దువ్వును. అది చూచుచుండగా మా పెద్దమ్మాయి మాటలేక కూర్చున్నది. రాత్రి పడకల వేళ దువ్వెన తెచ్చి మా ముందు కూర్చున్నది. రెండేండ్లుగా తన తల తానే దువ్వుకొను పిల్ల! మేము ఆసుపత్రిలో నుండగా వంట చేసి, తమ్ముని బడికి పంపి, ఎవరితోను భయమని యనలేదు. భయము చిన్నవానికి మాత్రమేయని మేము తలచితిమి.

సమయమును మార్చకయే దానికి గౌరవము తెచ్చుట మఱియొక మార్గము. ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ వ్రాసినది అరకావ హిరొము అను స్త్రీ. హొక్కైదో ద్వీపమున పాడిపంటల యింట పుట్టిన మనిషి. ఆమె కథలో తల్లి మరణము మొదటి పుటలతో మఱుగున పడదు. తల్లిని బ్రదికింప బూనిన అన్నదమ్ములలో ఒకడు కాలు చేతులలో ఒక్కొక్కటి, రెండవవాడు శరీరమంతయు కోల్పోవుదురు. పోయినవారు తిరిగి రారను పాఠమే కథయంతయు నడచును. వారి గురువు ఇజుమి తానెవరని యడిగినవారికి తానొక గృహిణినని చెప్పుకొని, ఎంతటివానినైన నేల కఱపించును. ఆమెయు బిడ్డను పోగొట్టుకొన్నదే. ఆ పాత్రను చూచి మేము నవ్వితిమి, కన్నీరు పెట్టుకొంటిమి.

కావున సోదరీమణులారా, సమయము కనబడినంతనే కథను తక్కువ చేయవలదు. వెన్నెల త్రాగు చకోరమున్నదని కావ్యమును పాఱవేయుదుమా? పిల్లల ప్రక్కన కూర్చుండి మూడు ప్రశ్న లడుగుడు. చనిపోయినవారిని కథ మఱచినదా, జ్ఞప్తియందుంచినదా? తల్లికి బిడ్డకంటె వేఱుగా పేరును, పనియు, కోరికయు నున్నవా? ముందే యూహించినది జరిగినదా, తప్పినదా? ఈ ప్రశ్నలు నేర్చిన పిల్లలు కథకు లొంగక, కథతో మాటలాడుదురు. తెఱమీది గుర్తు తెఱమీదనే చెల్లునని వారికి తెలియును.

గడువు తీరిననాడు నోటుపుస్తకమును మా యింటివారి ముందుంచితిమి. వారు కన్నద్దములు సవరించుకొని తుదివఱకు చదివి, శనివారము రాత్రి రెండు గంటలు అందఱు కలిసి చూచుటకును, అటాక్ ఆన్ టైటన్ చిన్నవానికి ఇంకను ఆఱేండ్ల పిమ్మటననియు నూతన తీర్పు చెప్పిరి. మొన్న శుక్రవారము మేము తలంటి పోసికొని జుట్టు ముందుకు వేసికొని కూర్చుంటిమి. చిన్నవాడు చూచి, "కథలో అయితే ప్రమాదమే" అని నవ్వి లోపలికి పోయెను. పోవుచు గడపయొద్ద నొకసారి వెనుదిరిగి చూచెను. మేము జుట్టు వెనుకకు వేసికొని, వానికి పెరుగన్నము కలుపుటకు లేచితిమి.